ముప్పై వత్తుల తెప్ప

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా అమ్మాయి సుజన ఇంటి వెనుక పచ్చికకు తెల్లవారుజామున నీళ్లు వాటంతట అవే చిమ్ముకుంటాయి. నేలలోనుండి చిన్న గొట్టాలు తలలెత్తి, పావుగంటసేపు నలుదిక్కులా తుంపరలు చల్లి, ఎవరో పిలిచినట్టు మళ్లీ లోపలికి ఒదిగిపోతాయి. ఆ నీరు ఎక్కడినుండి వస్తున్నదో, ఎవరు వదులుతున్నారో, ఎవరు కడుతున్నారో ఈ వీధిలో అడిగినవారిని నేను చూడలేదు. వచ్చిన ప్రతిసారీ ఆ వేళకు మేలుకొని కిటికీ దగ్గర కూర్చుంటాను. వయసు మీరింది గనుక నిద్ర పట్టడం లేదని మా అమ్మాయి అనుకుంటుంది. నిజానికి నేను చెవి ఒగ్గేది పారే నీటి వెంట రావలసిన ఒక చప్పుడు కోసం. అది రాదు. రాదని తెలిసీ కూర్చుంటాను.

ఈసారి వచ్చిన పదిరోజులకు మా మనుమరాలు నిత్య బడిపని ముందు వేసుకొని వంటింటి బల్ల దగ్గర చేరింది. ఏడవ తరగతి పిల్ల. వేరే దేశంలో, పల్లెల నడుమ ఉన్న ఒక స్థానిక పరిపాలన ప్రాంతాన్ని ఎన్నుకొని, అక్కడి నేల, నీరు, పంట, మనుషులను గురించి నాలుగు పుటలు రాయాలట. చీటీలు వేస్తే దానికి ఆస్ట్రేలియా వచ్చింది.

"మామ్, నాకు ఒక షైర్ కావాలి. ఫార్మింగ్ ఉండాలి. బోరింగ్ వద్దు," అని గదిలోకి కేక వేసింది.

సుజన చెవులకు తగిలించుకున్నది తీయకుండానే తలుపులోంచి తొంగిచూచింది. "కాల్‌లో ఉన్నాను నానా, మ్యూట్‌లో పెట్టి వచ్చా. అమ్మమ్మని అడుగు. చిన్నప్పుడు అక్కడే ఉందిగా."

నిత్య నా వంక తిరిగి కళ్లు పెద్దవి చేసింది. "వాట్? అమ్మమ్మా, నువ్వు ఆస్ట్రేలియాలో ఉన్నావా? నాకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదుగా."

"హౌ? అది ఎవరు గెస్ చేస్తారు!"

ఆ మాట నిజమే. అక్కడ గడిపిన మూడేళ్లను నేను కన్నబిడ్డకే రెండు మూడు ముక్కల్లో చెప్పి దాటవేశాను. చదువుకున్నానని చెప్పాను, కంగారూలను చూశానని చెప్పాను. చెప్పనిది ఒకటి మిగిలే ఉంది. నేను చెప్పిన గుర్తులను బట్టి నిత్య మరంబిడ్జీ నది కాలువల కింద ఉన్న మా షైర్‌ను కనిపెట్టింది. షైర్ అంటే మన పంచాయతీ సమితి వంటిది. తెర మీద కార్యాలయ భవనం, దాని ముందు పూలమడి, మడి నడుమ అరుగు మీద నిలబెట్టిన ఇనుప చక్రం ఒకటి కనబడ్డాయి. చక్రానికి కొత్తగా నీలిరంగు వేశారు.

"ఇదేంటి అమ్మమ్మా? గార్డెన్ ఆర్టా?"

ఎండిన అరుగు మీద ఎండిన చక్రం. అలాంటిదాన్ని నేను ఎన్నడూ నిశ్చలంగా చూడలేదు, ఒక్క మూడు రోజులు తప్ప.

మా నాన్న వరి పరిశోధకుడు. ఆ ప్రాంతపు ప్రయోగక్షేత్రంలో మూడేళ్లు పనిచేయడానికి పిలుపు వచ్చిననాటికి మా అమ్మ పోయి ఏడాది దాటింది. నాకు పదకొండేళ్లు. పిల్లను ఎవరి దగ్గర వదలడమన్న తర్జనభర్జన జరుగుతుండగా మా నాయనమ్మ, గోదావరి డెల్టాలోని పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య ఉన్న ఆరు మైళ్లు తప్ప మరో ప్రయాణం ఎరుగని మనిషి, "నేనూ వస్తున్నాను. ఆ దేశంలో నీళ్లున్నాయా, లేవా? అది చెప్పు చాలు," అన్నది. ఉన్నాయన్నాడు నాన్న. ఆమె మరేమీ అడగలేదు. పంచాంగం, పసుపు, పత్తి, దీపారాధన కుందులు, ఇత్తడి చెంబు పెట్టెలో సర్దుకున్నది.

ఉన్నవి నీళ్లే. ఆ నేలకు వానలో పెద్దగా వాటా లేదు. ఎక్కడో కొండల్లో ఆపిన నదిని కాలువల్లో పెట్టి తెచ్చి ఎర్రమట్టి మైదానం మీద పరిచారు. కాలువకు ఒక పక్క కనుచూపు మేరా వరిమళ్లు, నారింజతోటలు, ద్రాక్షపందిళ్లు ఉండేవి. అవతలి పక్క బూడిదరంగు పొదలు, గాలి. పచ్చదనానికీ బీడుకూ నడుమ ఎవరో బలపంతో గీత గీసినట్టుండేది. పొలాలకు అంకెలే చిరునామాలు. మాది పాత చెక్క ఇల్లు. దాని మీది రేకుల కప్పు మధ్యాహ్నం ఎండకు టిక్కుటిక్కుమని వ్యాకోచించేది. వసంతంలో నారింజపూత వాసన పరుపుల్లోకి, పెరుగులోకి, బడిసంచిలోని పుస్తకాల్లోకి కూడా దిగేది. నేడు ఏ అంగట్లోనైనా నారింజ తొక్క ఒలిచిన వాసన తగిలితే నా చేతులు తమకు తెలియకుండానే ముక్కు దగ్గరకు వస్తాయి.

ప్రతి పొలానికీ కాలువనుండి నీరు దిగే చోట ఒక చక్రం ఉండేది. నిలువెత్తు ఇనుప పీపా, దాని చుట్టూ రెక్కలు. నీరు రెక్కలను తోస్తుంటే అది నిదానంగా దొర్లేది. ఎన్ని చుట్లు తిరిగితే అంత నీరు ఆ రైతు వాడుకున్నట్టు. రెక్క నీటిలో మునిగేటప్పుడు "గుబుక్" మనేది. ఒకటి మునిగి మరొకటి మునిగే లోపల ఒక ఊపిరి పట్టేంత వ్యవధి. పగలూ రాత్రీ ఆ చప్పుడులోనే బతికాము. నాయనమ్మ దానికి నీటిగానుగ అని పేరు పెట్టింది. రోజూ ఉదయం చిన్న ట్రక్కులో వచ్చి గేట్లు ఎత్తి దించి చుట్లు రాసుకొని వెళ్లే కాలువ ఉద్యోగి పేరు కెన్. మా డెల్టాలో కాలువల మీద ఆ పని చేసేవాణ్ణి లస్కరు అంటారు గనుక, అతడు ఆమెకు చివరివరకూ "లస్కరు కెన్ను" గానే మిగిలాడు.

నాయనమ్మ దినచర్య సముద్రం దాటినందుకు ఒక్క అంగుళం జరగలేదు. రేకు తొట్టిలో పట్టిన వాననీటితో మడి, ఆపైన వంట. అక్కడి బియ్యం పొట్టివి, ఎలా వండినా ముద్దవుతాయి. "మీ నాన్న ఇంతదూరం వచ్చి కనిపెట్టేది ఈ సంకటేనా?" అని ప్రతిరోజూ కంచం దగ్గర అనేది. నాన్న ప్రతిరోజూ నవ్వేవాడు. అక్కడి వెన్న కాచిన నెయ్యికి మాత్రం ఆమె వంక పెట్టలేదు. పొరుగు పొలం బ్రూనోది. యుద్ధం తర్వాత ఇటలీనుండి వలస వచ్చి, నేల చదునుచేసి, వరి పెట్టినవాడు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, నాయనమ్మకు తెలుగు తప్ప రాదు. ఆమెను తమ భాషలో నాయనమ్మను పిలిచినట్టే "నోన్నా" అనేవాడు. శుక్రవారం శుక్రవారం కంచె మీదుగా నారింజకాయల పెట్టె అందించేవాడు. ఆమె నిమ్మకాయ పులిహోర గిన్నె అందించేది. ఇద్దరూ చెరో భాషలో పంటను గురించి అరగంట మాట్లాడుకొని తృప్తిగా విడిపోయేవారు. ఆయన భార్య మరీయా, "వీళ్లకు నువ్వు కూడా అక్కర్లేదు," అని నన్ను ఆటపట్టించేది. మిగతా చోట్ల మాత్రం నేను కావాలి. అంగడిలో, వైద్యుడి దగ్గర, కెన్ ట్రక్కు దిగి ఏదైనా అడిగినప్పుడు నాయనమ్మ నా భుజం మీద చెయ్యి వేసి తెలుగులో చెప్పేది. నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని.

కార్తీకం వచ్చింది. అక్కడ అది ఎండాకాలానికి ముంగిలి. "చలి లేని కార్తీకస్నానం. పుణ్యం సగమే రాస్తాడేమోనే," అంటూనే నాయనమ్మ నెల పొడుగునా వేకువన కాలువగట్టుకు వెళ్లింది. రోజుకొక నారింజ డిప్పలో వత్తి వేసి నీటిలో వదిలింది. అవి చిన్నవి, ఎటో కొట్టుకుపోయేవి. నెల ముగిసిన మర్నాడు పోలిపాడ్యమి. నెలలో తప్పిపోయిన దీపాలకూ కలిపి ముప్పై వత్తులు ఒకే అరటిదొప్పలో వెలిగించి ఏటిలో వదలడం మా వైపు ఆడవాళ్ల ఆచారం. అరటి అక్కడ లేదు. ఆమె రెండు రోజులు ఆలోచించి, బ్రూనో ఇచ్చిన పెట్టె ఊడదీసి, పలకలను పాత పంచె అంచుతో బిగించి తెప్ప కట్టింది. పలకలకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ముప్పై వత్తులూ నేతిలో తడిసి ఉన్నాయి. ముప్పై ఒకటవది కూడా ఒకటి ఉండడం చూసి, "ఇదెవరికి?" అన్నాను. "మీ అమ్మ ఈ ఏడు వదల్లేదుగా," అన్నది, వేరే ఏదో పని చెబుతున్నట్టు.

ఆ వేకువ తెప్ప నీటి మీద కదిలిన తీరు నాకు నేటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆకాశం ఇంకా రంగు తేలలేదు. తెప్ప ఒకసారి మా వైపు తిరిగి, మళ్లీ ముందుకు తిరిగి, రెల్లుపొదల మలుపు దాటింది. నాయనమ్మ చేతులు జోడించి వెనుదిరిగింది. నేను ఆ వెలుగు చూడాలని ఇంకొంచెం నిలిచాను. అప్పుడు "గుబుక్" మన్నది. తర్వాత ఊపిరి పట్టాను. రెండవది రాలేదు. బ్రూనో చక్రం ఆగింది. ఆగడం నేను విన్నాను. విని, ఇంటికి వెళ్లి చలిమిడి తిన్నాను.

చక్రం ఆగితే నీరు పూర్తిగా ఆగదు. అంచుల సందుల్లోంచి లెక్కకు రాకుండా జారుతూనే ఉంటుంది. అందుకే రెక్కల్లో కర్ర దోపి నీరు దొంగిలించేవాళ్లు అక్కడ లేకపోలేదు. ఉదయం కెన్ వచ్చేసరికి రెక్కకూ గోడకూ నడుమ పలకలు ఇరుక్కొని ఉన్నాయి. అవి నారింజపెట్టె పలకలు, పెట్టెలు బ్రూనోవి. కాలువ కార్యాలయపు నియమం ప్రకారం విచారణ ముగిసేదాకా గేటుకు తాళం పడింది. బ్రూనో గట్టు మీద చేతులు ఊపుతూ అరిచిన అరుపులు మా వసారాలోకి వినబడ్డాయి.

"ఏవిటే, అంతలా అరుస్తున్నాడు? ఏవైంది?" అన్నది నాయనమ్మ.

"ఏదో వాళ్ల గొడవ నాయనమ్మా. చక్రం చెడిపోయిందట."

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న, "బ్రూనో నీళ్లు దొంగిలించాడంటే నమ్మలేకుండా ఉన్నానమ్మా. ఊళ్లో అప్పుడే ఇటలీవాళ్ల బుద్ధి అంటున్నారు," అన్నాడు.

"దొంగేవిట్రా! కాయలు కోసి పెట్టే చెయ్యి అది," అన్నది నాయనమ్మ. నేను మజ్జిగ పోసుకున్నాను.

ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నాన్నను వెనక్కు పంపివేస్తారన్న భయం కొంత. ఇటలీవాళ్ల బుద్ధి అన్న నోళ్లు మా బుద్ధి గురించి ఏమంటాయోనన్న సిగ్గు కొంత. ఆ రెంటికంటె నిజమైనది మరొకటి ఉంది. మా అమ్మ దీపం ఆ తెప్ప మీద ఉంది. అది స్వర్గానికి వెళ్లలేదనీ, బురదలో చక్రం రెక్కకు అడ్డంపడి ఆరిపోయిందనీ నాయనమ్మకు నా నోటితో చెప్పడం నాకు చేతకాలేదు. మూడు రోజులు ఎండగాలి కొట్టింది. బ్రూనో మళ్లలో నీరు తగ్గి, లేత నారు మొదళ్లు బయటపడ్డాయి. మెరక మూల మొదట పసుపు తిరిగి, తర్వాత గోధుమరంగుకు వచ్చింది. బడి బస్సు ఆ మూల పక్కగానే వెళ్లేది. నేను బూట్ల వంక చూసుకుంటూ కూర్చునేదాన్ని.

మూడవనాడు శుక్రవారం. కాయల పెట్టె రాలేదు. నాయనమ్మ పులిహోర గిన్నె పట్టుకొని తానే కంచె దాటి వాళ్ల ఇంటికి వెళ్లింది, నేను వెనుక. మరీయా ఏడ్చి ముఖం కడుక్కొని ఉంది. పొయ్యి పక్కన కట్టెల్లో రెండు పలకలున్నాయి. కెన్ వదిలేసినవాటిని ఎండబెట్టుకున్నారు. నాయనమ్మ వంగి ఒకటి తీసింది. పసుపు వెలిసింది గాని కుంకుమ బొట్టు మరక ఇంకా ఉంది. ఆమె దానిని చాలాసేపు చూచింది. తర్వాత నన్ను చూచింది.

"కామూ, నీకు తెలుసా?"

నేను తల ఊపాను.

"ఎప్పట్నించి?"

"అప్పుడే. ఆగినప్పుడే విన్నాను."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా భుజం మీద ఎప్పుడూ వేసే చెయ్యి తీసివేసింది. "ఈ దేశంలో నాకు నోరు నువ్వేనే. నోరే దాచేస్తే ఇంక నేను మనిషినెలా అవుతాను?" అన్నది.

మర్నాడు ఉదయం కెన్ ట్రక్కుకు అడ్డంగా కాలువగట్టు మీద నిలబడింది, తడిచీర, చేతిలో పలక. బ్రూనో కూడా పొలంలోంచి వచ్చాడు. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. ఒక్క ముక్క తగ్గకూడదు, ఒక్క ముక్క చేర్చకూడదు," అని నాతో అని, కెన్ ముఖంలోకి చూస్తూ తెలుగులో మాట్లాడింది. "నాయనా, ఈ పలక నాది. నెల దీపాలు నీళ్లలో వదిలాను. మీ గానుగ సంగతి నాకు తట్టలేదు. తాళం వెయ్యాల్సింది ఈయన గేటుకి కాదు, నా తెప్పకి." నేను చెప్పాను. ఆమె ఆగింది. "నీ సంగతి కూడా చెప్పు." చెప్పాను. ఇంగ్లీషులో ఆ వాక్యం చాలా చిన్నది. నోరు దాటడానికి మాత్రం ఒక పూట పట్టినట్టయింది.

కెన్ టోపీ తీసి, పలకను అటూ ఇటూ తిప్పి చూచి, "ఇలాంటివి ఇంకెన్ని వదలాలనుకుంటున్నది ఈమె?" అని అడిగాడు. ఏడాదికి ఒక్కటి అన్నాను. అతడు నవ్వలేదు, కోప్పడలేదు. వెళ్లి తాళం తీశాడు. నీరు దిగి, చక్రం ఒకసారి మూలిగి, కదిలింది. బ్రూనో మాత్రం నా దగ్గరకు వచ్చి, తన విరిగిన ఇంగ్లీషులో, "మూడు రోజులు నేను నిన్ను చూశాను. నువ్వు నీ బూట్లను చూశావు," అన్నాడు. నాయనమ్మతో ఆయన ఒక్క కటువు మాట అనలేదు. నారింజలు మళ్లీ రావడానికి మాత్రం చాలా వారాలు పట్టింది. మెరక మూలలో ఎండిన నారు తిరిగి లేవలేదు. కోతల దాకా ఆ గోధుమరంగు మచ్చ పచ్చని మడిలో అలాగే ఉంది. రోజూ బస్సులోంచి దాన్ని చూడడం నాకు నేనే వేసుకున్న శిక్ష. బూట్లను చూడడం మానుకున్నాను.

మరుసటి ఏడు పంచాంగం చూసి నాయనమ్మ చెప్పిన తేదీని, రైతులు నీరు కావాలని రాసి గేటు పెట్టెలో వేసే కార్డు మీద నాన్న రాసి వేశాడు. ఆ వేకువ మేము వెళ్లేసరికి కెన్ మలుపు దగ్గర పొడుగు పిడి ఉన్న దంతె పట్టుకొని నిలబడి ఉన్నాడు. బ్రూనో రెల్లుతో కట్టిన తెప్ప తెచ్చాడు. "చెక్క వద్దు, నోన్నా," అన్నాడు. తెప్ప బ్రూనో గేటు వైపు లాగబడగానే కెన్ మోకాళ్లలోతు నీటిలో దిగి, దంతెతో దాన్ని పసిబిడ్డను తొట్టిలోంచి ఎత్తినట్టు ఎత్తి, చక్రం అవతలి పొలంకాలువలోకి దించాడు. ముప్పై ఒక్క వత్తులలో ఒక్కటీ ఆరలేదు. నాయనమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. ఏడాదిపాటు లేని బరువు అది.

తిరిగివచ్చిన కొన్నేళ్లకు నాయనమ్మ వెళ్లిపోయింది. నేను తెలుగు చదివి, తెలుగు చెప్పి, ఎన్ని వందలమంది పిల్లలకు మాట విలువ గురించి పాఠం చెప్పానో లెక్కలేదు. ఈ మాట మాత్రం చెప్పలేదు.

నిత్య నా కోసం ఆకాశంలోంచి తీసిన పటాన్ని పెద్దది చేసి పొలం అంకె వెదికింది. వరి లేదు. ఇప్పుడక్కడ వరుసలు దిద్దిన బాదంతోట. మెరక మూల ఎక్కడా అని నా వేలు తెర మీద తిరిగింది. మచ్చ లేదు, మూలే లేదు. "చక్రాలు ఇప్పుడు లేవు అమ్మమ్మా. గేట్స్ అన్నీ సోలార్. ఫోన్‌లో ఆర్డర్ చేస్తే వాటర్ వస్తుంది, ఫుడ్ లాగా," అన్నది. గట్టు మీద ఎవరూ నిలబడి ఉండరన్నమాట. ఎవరి తెప్పనూ ఎవరూ ఎత్తి దించనక్కర లేదు. నీరు ఒక్క చుక్క వృథా పోదట. పోకపోవడం మంచిదే. మంచిదేనని నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది.

"చూడు, ఈ పార్ట్ ఫన్‌గా ఉంది," అని నిత్య తాను రాసినది చదివింది. రైతులు నీరు దొంగిలించడానికి చక్రాలను కట్టెలతో ఆపేవారని ఒక వాక్యం. అక్కడితో పేరా ముగిసింది.

ఊరుకోవచ్చు. అది తప్పు కూడా కాదు. ఏడవ తరగతి పిల్ల బడిపని, రేపు ఉదయానికి అందజేయాలి. నేను బల్ల మీది నారింజపండు చేతిలోకి తీసుకున్నాను, ఒలవలేదు.

"నిత్యా, అన్నీ దొంగతనాలు కావమ్మా. ఒకటి మా నాయనమ్మ దీపం," అని మొదలుపెట్టి, ఆగిన చక్రం, చలిమిడి, బూట్లు, మొదటినుండి చివరిదాకా చెప్పాను. ఒక్క ముక్క తగ్గించలేదు. ఎప్పుడు వచ్చి నిలబడిందో, సుజన తలుపు దగ్గర చెవులవి తీసి చేతిలో పట్టుకొని ఉంది.

నిత్య కొత్త పేరా టైపు చేసింది. నాలుగు వాక్యాలు. చివర ఆగి, నుదురు ముడిచి, "అమ్మమ్మా, టీచర్ ప్రతి ఫ్యాక్ట్‌కి సోర్స్ అడుగుతుంది. ఇది వెబ్‌సైట్‌లో లేదు. ఎవరు చెప్పారు అని రాయాలి?" అన్నది.

"కామేశ్వరి అని రాయి. చక్రం ఆగడం విన్నదని రాయి," అన్నాను.